రెండో ఎత్తుకే మంత్రి

నాజ్‌నీన్‌కు పిల్లోడు నచ్చినాడు. దాచేదేముంది? తనకల్లులో పరుపుల అంగడి నబీ సాబ్ కూతురాయె, శానా మందే చూసిపోయినారు. ఈ తౌఫిక్‌ది నవ్వు మొహం, ఫ్యాక్టరీలో పని. సరే అనేద్దామనే వచ్చి కూర్చునింది. నబీ సాబ్‌కైతే అంతకన్నా తొందర. వానల్లేక చెనిక్కాయ పంట ఎండిపోయినాక పరుపులు కొనే నాథుడే లేడు మరి.

గూట్లో చదరంగం పలక చూసి తౌఫిక్ వాళ్లమ్మ, "మావాడు ఫోన్లో ఎవర్నైనా ఇట్టే కొట్టేస్తాడు" అనింది. ఇంకేం, పెద్దోళ్లు చాయ్ తాగతా ఇద్దర్నీ పలక ముందర కూర్చోబెట్టినారు.

తౌఫిక్ ఒక బంటును జరిపినాడు. రెండో ఎత్తుకే మంత్రిని బయటికి తోలి, ఆమె రాజు మీదికి గురిపెట్టినాడు.

"నాలుగెత్తుల్లో ఆట కట్టు" అన్నాడు నవ్వుతా.

ఆ నాలుగెత్తుల సంగతి నాజ్‌నీన్‌కు బడికి పోయే నాటినుంచీ తెలుసు. గడప దగ్గర నబీ సాబ్ దగ్గినాడు. ఓడిపో తల్లీ అని ఆ దగ్గుకు అర్థం. ఆమె విననట్టే గుర్రాన్ని దూకించింది, బంటును అడ్డం పెట్టింది. తౌఫిక్ మిగిలిన బలగమంతా ఇల్లు కదల్లేదు, మంత్రి ఒక్కటే దిక్కులేక తిరగతాండాది. ఆఖరికి చిక్కింది. నాజ్‌నీన్ దాన్ని గుర్రంతో కొట్టి తన పక్కన పెట్టుకునింది. ఇప్పుడీ పిల్లోడు ఒక్క నవ్వు నవ్వితే చాలు, మిగిలిన ఆటంతా ఓడిపోదామనుకునింది.

తౌఫిక్ నవ్వలేదు. చెయ్యి చాపి, ఆమె పక్కనున్న మంత్రిని తీసుకోని పాత గడిలో పెట్టుకున్నాడు. ఆమె గుర్రాన్నీ తనే వెనక్కి జరిపినాడు.

"చూసుకోలేదులే" అన్నాడు.

ఇంకోసారి చిక్కింది. ఇంకోసారి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మంత్రి జోలికే పోలేదు. కాసేపటికి ఆట కట్టేసినాడు. వాళ్లమ్మ, "చెప్తి కదా!" అని మురిసిపోయింది.

వాళ్లు కదిరి బస్సెక్కినాక నబీ సాబ్ కుశాలగా వచ్చినాడు. "ఏమ్మా, ఫోన్ చేసి సరే అనేదా?"

"వద్దు నాయనా."

"ఏమే, వానికి ఆడేది రాదనా?"

"రాకపోతే నేనే నేర్పిద్దును. నా పక్కనున్నది ఎత్తుకుంటా ఒక్క మాట అడిగినాడా?"

"ఆటలో గదమ్మా!"

నాజ్‌నీన్‌కు ఏడుపొచ్చింది. నచ్చినోడు మరి.

"ఆటలోనే నాయనా" అనింది. "ఇంకా వాళ్లింటికి పోనేలేదు."