దిష్టికి దాచిన కడుపు

ఆదోనిలో పరుపులకు దూదేకే మస్తాన్ వలికి పెళ్లయి ఏళ్లు గడిచినా ఇంట్లో ఉయ్యాల కట్టలేదు. కుండకు మూత పెట్టవచ్చు గాని ఊరి నోటికి పెట్టలేం కదా. ఆ మాటలన్నీ భార్య హుసేనమ్మే పడింది. అలాంటిది, నలభై దాటాక, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆమెకు నెల తప్పింది. అన్నం సయించలేదు. కడుపు ఎత్తుగా కనబడసాగింది.

అత్త కుల్సుంబీ సంతోషం పట్టలేక ముందుగా చేసిన పని కోడలిని దాచడం.

"లేక లేక వచ్చిన కడుపు. నరుడి కంటికి నల్లరాయైనా పగుల్తాది. ఏడో నెల పడేదాకా డాక్టరుకు గాని, మంత్రసానికి గాని సూపియ్యొద్దు," అంది.

మస్తాన్ వలికీ ఆ మాటే నచ్చింది. ఎవరడిగినా ఆమె పుట్టింటికి ఎమ్మిగనూరు పోయిందని చెప్పేవాడు. ముఖం పీక్కుపోయి పొట్ట ఒక్కటే పెరుగుతుంటే, మగపిల్లవాడు తల్లిని పీల్చేస్తున్నాడులే అని తల్లీకొడుకులు నవ్వుకున్నారు. పిచ్చివాళ్లు.

ఆమెకు ఊపిరాడక, పడుకోలేక, గోడకు చేరగిలబడ్డ రోజున గాని కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోలేదు. అక్కడ మత్తిచ్చి, పొట్టకు చిన్న గాటు పెట్టి లోపల చూసి, నీళ్లు తీశారు. డాక్టరమ్మ మస్తాన్ వలిని వరండాలోకి పిలిచింది.

"అది గర్భం కాదు నాయనా, క్యాన్సరు. గర్భసంచి పక్కన అండాలు తయారయ్యే చోట పుట్టింది. అక్కణ్ణించి రాలి, పేగుల మీద, కార్జం మీద, ఎక్కడ తగిలితే అక్కడ మొలిచింది. దానివల్లే పొట్టలో నీళ్లు ఊరాయి. ఇప్పుడు ఊపిరితిత్తుల చుట్టూ కూడా చేరాయి."

దూదేకేటప్పుడు ఎగిరే పీచు కొట్టమంతా ఎలా పట్టుకుంటుందో అతనికి తెలుసు.

"ముందే తెచ్చింటే బతికేదా అమ్మా?"

"ఈ జబ్బు ముందుగా బయటపడేదే తక్కువ. చెప్పలేను," అందామె.

దిష్టి కళ్ల నుంచి దాచాననుకుని వైద్యుల కళ్ల నుంచి దాచానే అని అతను కుమిలిపోయాడు.

లోపల హుసేనమ్మ కళ్లు తెరిచింది. చేయి పొట్ట మీదికి పోయింది. పొట్ట అణిగిపోయి ఉంది.

"ఏమయ్యా, బిడ్డ యాడ?"

నిజం నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాక మింగేశాడు.

"పోయింది. నిలవలేదు."

"మగోడా?"

"ఆడబిడ్డ," అన్నాడు. అనగానే దుఃఖం ఆగక మంచం పట్టె మీద తలపెట్టి ఏడ్చాడు.

"పేరన్నా పెట్టకపోతిమే," అని ఆమె కూడా ఏడ్చింది. కాసేపటికి తనే తేరుకుని అతని తల నిమిరింది.

"ఊరుకో. నేనుండాను కదా, మళ్లా కంటాలే."