పంతులమ్మ ఓడిపోయిన శుక్రవారం

ఆ ఇంట్లో చదువు ఎవరు చెబుతారు, ఎవరు నేర్చుకుంటారు అని అడిగితే చుట్టుపక్కల ఎవరూ సూటిగా చెప్పలేరు. మూడో అంతస్తులోని ఆ రెండు గదుల వాటాలో పొద్దున్నే మొదలయ్యే గోలలో మూడు గొంతులుంటాయి. రెండు పిల్లలవి. అన్నిటికన్నా పెద్దది వాళ్ల అమ్మది. విభక్తులు వల్లె వేసేటప్పుడు ఆవిడ పిల్లలకన్నా గట్టిగా అరుస్తుంది. తప్పు పోతే పిల్లలకన్నా ముందు తనే నాలిక కరుచుకుంటుంది. అందుకే మెట్ల మీద ఎదురైనవాళ్లు, "ఏం పంతులమ్మా, ఇవాళ నీకు పాఠం వచ్చిందా?" అని ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఆ పేరే ఖాయమైపోయింది. మనమూ అలాగే పిలుద్దాం, ఆవిడేమీ అనుకోదు. పైగా మురిసిపోతుంది.

ఎందుకు మురిసిపోదు? పదో తరగతిలో లెక్కలు తప్పితే, మళ్లీ పరీక్ష రాయనివ్వకుండా ఇంట్లోవాళ్లు జిరాక్స్ షాపులో కూర్చోబెట్టారు. పెళ్లయ్యేదాకా మిషను మూత ఎత్తుతూ దించుతూ గడిపింది. ఎవరెవరి చదువులో ఆవిడ చేతుల మీదుగా కాపీలై వెళ్లిపోయాయి, ఒక్కటీ ఆవిడ దగ్గర ఆగలేదు. మొగుడు లిఫ్టులు బిగించే మెకానిక్. ఎక్కడ కొత్త భవనం లేస్తే అక్కడికి కాపురం. పెద్దపిల్ల బడి తర్వాత బడి మారి, ఎక్కడా ఎవరితోనూ కలవక, ఎక్కాలూ భాగహారాలూ కలగాపులగమై, చివరికి బడి అంటేనే కడుపునొప్పి తెచ్చుకునేది. ఒకరోజు పంతులమ్మ నడుం బిగించి, "ఇంట్లోనే చెప్తాను" అంది.

"నువ్వా?" అన్నాడు మెకానిక్. నవ్వలేదు పాపం, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నేనే. రానివి నేర్చుకుని చెప్తాను."

పద్ధతి కూడా తను కనిపెట్టింది కాదు. లైబ్రరీలో దొరికినవన్నీ తిరగేసి, పూర్వం చదువులు ఎలా చెప్పేవారో ఏరుకుని తెచ్చుకుంది. చిన్నప్పుడు కంఠస్థం. కాస్త ఊహ వచ్చాక వాదం. ఆ తర్వాత నలుగురి ముందు నిలబడి తడబడకుండా మాట్లాడటం. చిన్నపిల్ల, అంటే ఇంట్లో అందరూ బుడ్డది అని పిలిచే ఏడేళ్ల పిడుగు, ఇంకా కంఠస్థం దగ్గరే ఉండాలి. కానీ అక్కని చూసి తర్కం మీద ముందే చెయ్యి వేసేసింది. మెకానిక్ ఓసారి బిస్కట్ల డబ్బా తెరిచి, "మొత్తం లాగించేశావా?" అని అడిగితే, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"డబ్బా ఖాళీ అన్నది నిజం నాన్నా. నేను తిన్నానన్నది నీ అనుమానం. ఆధారం చూపించు."

"మూతి మీద పొడి."

బుడ్డది మూతి తుడుచుకుని, వేలు చూసుకుని, "ఇది ఆధారమే" అని ఒప్పుకుంది.

ఒప్పుకోవడం ఆ ఇంట్లో నామోషీ కాదు. అలా అలవాటు చేసింది పంతులమ్మే. శుక్రవారం సాయంత్రం భోజనాల బల్ల తుడిచి, ఏదో ఒక విషయం మీద వాదం పెడుతుంది. నియమం ఒక్కటే, దానికి మాత్రం తిరుగులేదు. నీ మాట చెప్పేముందు అవతలివాళ్ల మాట నువ్వే చెప్పాలి. దాన్నే పూర్వపక్షం అంటారు. ఎగతాళిగా చెప్పకూడదు, సగం మింగేసి చెప్పకూడదు. అవతలి మనిషి విని, "అవును, ఇదే నా పక్షం" అని తన నోటితో అనాలి. అనేదాకా నీ వంతు రాదు. మొదట్లో ఇది అందరికీ తల ప్రాణం తోకకి తెచ్చింది. కుక్కపిల్లని తెచ్చుకుందామా అన్న వాదంలో, వద్దంటున్న నాన్న పక్షాన్ని బుడ్డది ఎంత బాగా చెప్పిందంటే, చివరికి తనే "అవునూ, వద్దులే" అని ఏడ్చుకుంటూ వెళ్లి పడుకుంది.

ఇక రేఖాగణితం. అదంటే పంతులమ్మకి పిచ్చి. ఒకప్పుడు తనని ముంచిన లెక్కలే ఇవి. ఇప్పుడు తరిమేవాళ్లు లేరు, గంట కొట్టేవాళ్లు లేరు. ఒక మాట ఎందుకు నిజమో తేలేదాకా దాని ముందు కూర్చోవచ్చు. అసలు "ఎందుకు?" అని అడగొచ్చని ఆవిడకి బడిలో ఎవరూ చెప్పలేదు. పొయ్యి మీద గిన్నెలు మాడిపోయేవి, ఆరేసిన బట్టలు తీగ మీదే ఉండిపోయేవి. మెకానిక్ ఇంటికొచ్చి గుమ్మంలోనే వాసన పట్టి, "ఇవాళ త్రిభుజాలా, వృత్తాలా?" అని అడిగేవాడు.

ఆ వారం వృత్తాలు. వృత్తానికి అడ్డంగా నడిమధ్య నుంచి ఒక వ్యాసం గీసి, దాని రెండు చివర్ల నుంచి అంచు మీద ఏ బిందువుకి గీతలు కలిపినా అక్కడ లంబకోణమే వస్తుందట. బిందువు ఎక్కడ పెట్టినా సరే.

"అదెలా కుదురుతుందే?" అని పంతులమ్మ పొద్దుటి నుంచీ దానితో కుస్తీ పట్టింది. పెద్దది ఎదురుగా కూర్చుని పెన్సిలు చెక్కుకుంది. లేచి మంచినీళ్లు తాగొచ్చింది. కిటికీలోంచి కాసేపు రోడ్డు చూసింది. మళ్లీ వచ్చి, చేతిలోని స్కేలు బొమ్మ మీద పడేసింది. దాని అంచు సరిగ్గా వృత్తకేంద్రం నుంచి ఆ బిందువు మీదుగా పడింది.

"ఉండు! ఉండవే!" అని కేక పెట్టింది పంతులమ్మ. "ఇక్కడ గీత గీస్తే? ఇవి రెండూ వ్యాసార్ధాలు కదా, ఇదీ వ్యాసార్ధమే. అంటే రెండూ సమద్విబాహు త్రిభుజాలు! ఈ కోణం దీనికి సమానం, ఆ కోణం దానికి... వచ్చేసింది! వచ్చేసిందే!"

కుర్చీ వెనక్కి పడిపోయింది. బుడ్డది చప్పట్లు కొట్టింది. పెద్దది నవ్వుతూ, "భలే పట్టుకున్నావమ్మా" అంది.

"నీకంటే ముందు నాకే వచ్చింది చూశావా!" అని పంతులమ్మ కూతురి బుగ్గ గిల్లింది. ఆ రోజంతా ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు.

అంతలో మెకానిక్ మంచి కబురుతో వచ్చాడు. పెద్ద ఆసుపత్రిలో లిఫ్టులన్నీ చూసుకునే పర్మనెంటు ఉద్యోగం దొరికింది. ఇక మూటాముల్లే సర్దే పని లేదు. అందరూ గంతులేశారు. ఆ సంబరంలోనే, కంచంలోకి చూస్తూ పెద్దది మెల్లగా ఒక మాట వదిలింది.

"అయితే నేను బడికి వెళ్తాను."

పంతులమ్మకి భయమేసింది. ఇక్కడ దాచకుండా చెప్పుకోవాలి, ఆవిడ భయం పిల్ల చదువు గురించి కాదు. పన్నెండేళ్ల ఆ పిల్ల ఎక్కడున్నా చదువుతుంది. కానీ అది బడికి పోతే ఈవిడ వృత్తాలు ఎవరితో గీయాలి? బుడ్డది అక్కడిదాకా రావడానికి ఏళ్లు పడుతుంది. పిల్లకి చెప్పాలన్న సాకు లేకుండా పట్టపగలు బల్ల ముందు కూర్చుని గీతలు గీసుకునే ఇల్లాలిని ఎవరేమంటారు? ఎవరిదాకానో ఎందుకు, తనకే ఎలా ఉంటుంది? ఇది ఆవిడకి రెండోసారి దొరికిన బడి. దీన్నీ మూసేస్తున్నారు. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చెప్పే ఉద్దేశమూ లేదు.

"శుక్రవారం వాదిద్దాం. నువ్వు నెగ్గితే బడి, నేను నెగ్గితే ఇల్లు" అంది పైకి. నెగ్గుతానన్న ధీమా ఉంది. వాదం నేర్పింది తనే కదా.

శుక్రవారం వచ్చింది. బల్లకి ఒకవైపు తల్లి, ఒకవైపు కూతురు. తీర్పు చెప్పే మెకానిక్ మధ్యలో గరిటె పట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా గొంతు పెంచితే బల్ల మీద కొట్టడానికి. మొదటి వంతు పెద్దదానిది. లేచి చేతులు వెనక్కి కట్టుకుంది.

"అమ్మ పక్షం చెప్తున్నాను. బడిలో ఒక్కొక్కరినీ విడిగా పట్టించుకోరు. ఎందుకు అని అడిగితే విసుక్కుంటారు. నాకు మళ్లీ కడుపునొప్పి వస్తుంది. ఇవన్నీ అమ్మ చెప్పబోయే కారణాలు. మంచివే. కానీ అసలు కారణం ఇవి కావు."

పంతులమ్మ కుర్చీలో సర్దుకుంది.

"అమ్మకి చదువంటే చాలా ఇష్టం. చిన్నప్పుడు మధ్యలో ఆపించేశారు. ఇప్పుడు మాకు చెప్పాలన్న పేరుతో చదువుకుంటోంది. నేను వెళ్లిపోతే ఆ పేరు పోతుంది. తన కోసం తను చదువుకోవడం తప్పేమో అని అమ్మకి భయం. అందుకని నన్ను ఉండమంటోంది. అది స్వార్థం కాదు. ఒకసారి బడి లాక్కున్నారు కాబట్టి మళ్లీ లాక్కుంటారని ఎవరికైనా భయమేస్తుంది." పిల్ల తల్లి వైపు తిరిగింది. "ఇదేనా అమ్మా, నీ పక్షం?"

మెకానిక్ గరిటె కింద పెట్టేశాడు.

పంతులమ్మకి ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. నేను ఎప్పుడు చెప్పాను దీనికి, ఎలా తెలిసింది దీనికి? ఆ కోపం ఇంకా పూర్తిగా రాకముందే గర్వం పొంగుకొచ్చింది. ఎంత శుభ్రంగా చెప్పింది! ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట ఎకసెక్కం లేదు. తల్లిని తల్లికే చూపించి, మళ్లీ తల్లి తల దించుకోకుండా కాచింది. పన్నెండేళ్లకి తనకి గట్టిగా పేరు చెప్పడమే వచ్చేది కాదు.

"అవును," అంది పంతులమ్మ. "ఇదే నా పక్షం."

ఇప్పుడు కూతురి పక్షం చెప్పే వంతు తనది. "పెద్దదానికి స్నేహితులు కావాలి" అని మొదలుపెట్టింది.

"కావాలి. కానీ ఇది కాదమ్మా."

"నేను పాఠాలు సరిగ్గా చెప్పట్లేదు."

"అస్సలు కాదు. నీ అంత బాగా ఎవరూ చెప్పరు."

"యూనిఫాం కోసం!" అంది బుడ్డది.

"నువ్వుండవే!"

మెకానిక్‌కి జాలేసింది. "పోనీ, పెద్దదాన్నే చెప్పమందామా?"

"వద్దండీ. నియమం నియమమే." పంతులమ్మ చీకాకుగా నుదురు రుద్దుకుంది. రాని సిద్ధాంతం ముందు ఏం చేస్తుందో అదే చేసింది. మనకి తెలిసిందేమిటి? పిల్లకి ఇల్లిష్టం. అమ్మ పాఠం ఇష్టం. అయినా వెళ్తానంటోంది. అంటే ఇక్కడ ఉంటే దానికి దొరకనిదేదో ఉంది. ఏమిటది? కళ్లెత్తి చూసింది. పిల్ల తల వంచుకుని ఓపిగ్గా నిలబడి ఉంది. ఆ నిలబడటం పంతులమ్మకి బాగా తెలిసినదే. రోజూ చూస్తున్నదే. రాని లెక్క ముందు ఏ పిల్లయినా అంత తీరిగ్గా పెన్సిలు చెక్కుకుంటుందా? స్కేలు అంత సరిగ్గా ఎలా పడింది? అంతకుముందు వారం, సరిగ్గా చిక్కుముడి ఉన్న చోట వేలు పెట్టి, "ఇక్కడేముందమ్మా?" అని అమాయకంగా అడిగింది ఎవరు?

"నువ్వు ఆగుతున్నావు," అంది పంతులమ్మ.

పెద్దది తల ఎత్తలేదు.

"నీకు ఎప్పుడో వచ్చేస్తోంది. నాకు కూడా రావాలని ఆగుతున్నావు. నేను కనిపెట్టానని ఎగిరి గంతేస్తే చూడ్డం నీకిష్టం. కానీ నీకు పరిగెత్తాలని ఉంది. నేను పక్కనుంటే పరిగెత్తలేవు, నన్ను వెనక వదిలెయ్యడానికి నీకు మనసొప్పదు. అందుకే ఎవరికోసమూ ఆగక్కర్లేని చోటికి వెళ్తానంటున్నావు. ఇదేనా తల్లీ?"

పిల్ల తల ఊపింది.

"నోటితో అనాలి" అని గుర్తుచేసింది బుడ్డది.

"అవును. ఇదే నా పక్షం" అని పెద్దది భోరుమంది.

మెకానిక్ గొంతు సవరించుకుని, "అయితే తీర్పు..." అన్నాడు.

"తీర్పెందుకండీ, నేను ఓడిపోయాను కదా." పంతులమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని కళ్లు తుడిచింది. "ఎప్పట్నుంచి ఆగుతున్నావే?"

"త్రిభుజాల దగ్గర్నుంచి."

"త్రిభుజాల దగ్గర్నుంచా! మరి నేను కనిపెట్టినవన్నీ?"

"కొన్ని నిజంగా నువ్వే కనిపెట్టావమ్మా."

"ఎన్ని?"

పిల్ల ఇరుకున పడింది. వాదం బల్ల దగ్గర అబద్ధం చెప్పకూడదు. "రెండు" అంది.

మెకానిక్ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. పంతులమ్మ కూడా నవ్వింది, ఏడుస్తూనే.

"నేను వెళ్లిపోతే నువ్వేం చేస్తావమ్మా?"

"చదువుకుంటాను. నీ కోసమూ కాదు, ఈ బుడ్డదాని కోసమూ కాదు. ఎవరైనా అడిగితే నా కోసమేనని చెప్తాను. ఆ రెండూ నేనే కనిపెట్టానన్నావు కదా, మూడోది ఎందుకు రాదు?" పంతులమ్మ లేచి, బోర్డుగా వాడుకునే బీరువా తలుపు తుడిచి, సుద్దముక్క కూతురి చేతిలో పెట్టింది. "అది సరే. ఆ వృత్తం లెక్క తర్వాత ఏముందో చూపించు. నీ స్పీడులో. నా వైపు చూడకు."

"నీకు అర్థం కాకపోతే?"

"కాకపోనీ."

పెద్దది కాసేపు సుద్దముక్కని వేళ్ల మధ్య తిప్పింది. తర్వాత మొదలుపెట్టింది. కేంద్రం దగ్గరి కోణం అంచు దగ్గరి కోణానికి ఎప్పుడూ రెట్టింపు. పంతులమ్మకి అర్థమైంది. కాబట్టి ఒకే చాపం మీద నిలబడ్డ కోణాలన్నీ సమానం. సగం అర్థమైంది. కాబట్టి వృత్తంలో ఇమిడిన నాలుగు భుజాల బొమ్మలో ఎదురెదురు కోణాలు కలిపితే... ఇక అందలేదు. పిల్ల చెయ్యి పరిగెడుతోంది, మాట దాని వెంట పరిగెడుతోంది. గీత గీసి ఒకటి, చెరిపి ఒకటి, "కాబట్టి, కాబట్టి" అనుకుంటూ తలుపు చివరిదాకా పోయి, చోటు చాలక పక్క తలుపు మీదికి వెళ్లింది. ఆ మొహంలో వెలుగు పంతులమ్మ ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తన కడుపున పుట్టిన పిల్లే, తను వల్లె వేయించిన పిల్లే, తనకి ఒక్క ముక్క తెలియని చోట ఒక్కతే తిరుగుతోంది. ఇంత అందమైనది నా జీవితంలో ఏదీ చూడలేదు అనుకుంది పంతులమ్మ.

ఉన్నట్టుండి పిల్ల చెయ్యి ఆగింది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూసింది.

"మళ్లీ చెప్పనా అమ్మా?"

పంతులమ్మ చెంపలు తుడుచుకుంది.

"చెప్పకు. ముందుకెళ్లు."