స్వెటర్ అంచులో సీసం

ముసలి జాలరి ఆల్ఫే అంత్యక్రియలైన ఎనిమిదో రోజున నర్సు రోజాన్ కెనడాలో కేప్ బ్రెటన్ తీరంలోని ఆయన ఇంటికి మళ్ళీ వెళ్ళింది. పరిశోధన కోసం పేరు రాయించుకున్న మనిషి చనిపోతే, తాగకుండా మిగిలిన పాల డబ్బాలు వెనక్కి తెచ్చుకోవాలి. ఇలాంటి పనులకు నర్సునే పంపుతారు, డాక్టర్లకు తీరికుండదు.

ఎనభై దాటి ఇంటిపట్టునే ఉన్నవాళ్ళకు రోజూ పోషకాలు కలిపిన బలం పాలు పోస్తే ఒంట్లో సత్తువ నిలుస్తుందా అన్నది ఆ పరిశోధన. మూడు నెలలకోసారి రోజాన్ వచ్చి ఆల్ఫేను తూచేది. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమనేది. మొదటిరోజే నిబంధన దాచకుండా చెప్పింది: ఐదు కిలోలు తగ్గితే డాక్టరుకు ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం అందాక డాక్టరు ఏం చేస్తాడో ఊరందరికీ తెలుసు. వంద కిలోమీటర్ల అవతల ఓల్డేజ్ హోమ్. ఆల్ఫే భార్య లియొనీజ్‌కు కారు నడపడం రాదు.

ఏడాది పొడుగునా ఆల్ఫే బరువు అరవై రెండు కిలోల దగ్గరే నిలిచింది. పరిశోధన ఆఫీసులో అందరూ మురిసిపోయారు. కాళ్ళు మాత్రం రానురాను ఎందుకు మొరాయిస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు.

లియొనీజ్ డబ్బాలతోపాటు ఒక ముదురునీలం స్వెటర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల దబ్బుమంది.

"ఏంటి పిన్నీ ఇది?"

"అంచు తడిమి చూడు. వలకి కట్టే సీసం గుళ్ళు. యాభై ఏళ్ళు ఆయన వలలకి కుట్టింది నేనేగా. నువ్వొచ్చే ముందురోజు ఇంట్లో కాటా మీద ఆయన్ని తూచి, బరువు ఎంత తగ్గితే అన్ని గుళ్ళు కుట్టేదాన్ని."

రోజాన్ స్వెటర్‌ను తన సంచిలోని తూకం యంత్రం తీసి దాని మీద పెట్టింది. ఏడున్నర కిలోలు.

బూట్లూ కోటూ విప్పించాలని నిబంధన. స్వెటర్ సంగతి ఎవరూ రాయలేదు. ఒకసారి తనే విప్పమంటే "చలేస్తోందే పిల్లా" అన్నాడు ఆల్ఫే. అది ఆగస్టు. ముసలాయన కదా, సరేలే అనుకుంది. ఆ రోజే నాలుగోసారి లేవలేక చతికిలబడితే, "బద్ధకం బాగా పట్టింది బాబాయ్, ఇంకొక్కసారి" అని వేళాకోళం కూడా చేసింది. ఆయన నవ్వి, సీసమంతా మోసుకుంటూ లేచాడు. అది తలుచుకుంటే రోజాన్‌కు తలెత్తుకోవాలనిపించలేదు.

"అప్పుడే ఉత్తరం వెళ్ళుంటే బతికేవాడా అమ్మాయ్?"

పద్దెనిమిదేళ్ళుగా ముసలివాళ్ళను కొలుస్తున్న మనిషి రోజాన్. "తెలీదు పిన్నీ" అంది.

"అక్కడికి పంపితే ఇద్దరం విడివిడిగా పోయేవాళ్ళం. ఇక్కడైతే నా చెయ్యి పట్టుకుని పోయాడు." లియొనీజ్ తన స్వెటర్ గుండీలు విప్పుకుని, దాన్ని కుర్చీకి తగిలించి, ఎవరూ అడక్కుండానే యంత్రం ఎక్కింది.

"రాసుకో. ఎవరికి కావాలంటే వాళ్ళకి పంపు. ఇప్పుడు నన్నెక్కడ పెట్టినా ఒకటే."

ముప్పై ఎనిమిది కిలోలు. ఏడాదిలో ఐదుసార్లు ఆ ఇంటికొచ్చింది రోజాన్. లియొనీజ్‌ను ఒక్కసారి కూడా తూచలేదు.