మఖమల్ మీద పడ్డ నింద

నేను ఒక నల్ల మఖమల్ ముక్కను. సుల్తాన్‌బజార్‌లో జాకెట్టు గుడ్డల మధ్య ఉన్నప్పుడు ఏ పెళ్లికూతురి ఒంటి మీదికో చేరతానని మురిశాను. తీరా నన్ను కొన్న వకుళ చదరపు ముక్కలుగా కత్తిరించి, ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న లాంటి యంత్రంలో క్రిములు చచ్చేలా ఉడికించింది. నా నుదుట అదే రాసి ఉంది మరి.

వకుళ విశ్వవిద్యాలయంలో ఈస్ట్ మీద పరిశోధన చేస్తోంది. బ్రెడ్డు పిండిని పొంగించే ఈ సూక్ష్మజీవి గుంపులు పళ్లెంలో తెల్లటి చుక్కల్లా మొలుస్తాయి. నన్ను ఒక దిమ్మ మీద బిగించి పళ్లెం బోర్లించి అద్దితే చుక్కలన్నీ నా నూగుకు అంటుకుంటాయి. నా మీద మరో పళ్లెం అద్దితే అందులోనూ అవే చోట్ల మొలుస్తాయి.

వాటిని మోస్తూ మోస్తూ వాటి సంగతులన్నీ తెలుసుకున్నాను. ఈస్ట్‌లోనూ పెళ్లిళ్లున్నాయి! ఒక కణం వాసన పంపితే, జోడు కాదగ్గ కణం పెరగడం మానేసి అటువైపు ముక్కు సాచి కూర్చుంటుంది. ఆ కబురు కణం లోపల ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు చేతులు మారుతూ వెళ్తుంది. మరి జోడు రాకపోతే? "ఇక చాలు, నీ పని చూసుకో" అని కబురును ఆపే ప్రోటీన్ కూడా ఉండాలి. అది చెడిపోయిన ఈస్ట్ కావాలి వకుళకు. వాసన కలిపిన పళ్లెంలో మామూలు ఈస్ట్ కాసేపు ఆగి, తేరుకుని మొలుస్తుంది. చెడినది ఆగింది ఆగినట్టే ఉండిపోతుంది. అంటే ఆమె వెతికేది మొదటి పళ్లెంలో ఉండి, వాసన పళ్లెంలో మొలవని చుక్కను. లేనిదాన్ని వెతికే ఉద్యోగాలు మనుషులకే ఉంటాయి.

ఒక ఉదయం ఆ ఖాళీ కనిపించింది. వకుళ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆమెకు దారి చూపే జయకర్ సారు మాత్రం పళ్లేన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. సరిగ్గా ఆ ఖాళీ ఉన్నచోటే నా నూగు రాలిపోయింది.

"గుడ్డ బోడిదైంది వకుళా. చుక్క అంటుకోనే లేదు. నువ్వు ఇంకెన్ని దినాలు చేస్తవ్? ఇది గూడ ఉత్తదైతే వేరే పని పట్టుకో."

వకుళ మొదటి పళ్లేన్ని చేతిలోకి తీసుకుంది. "ఒక్కసారి ఈ పళ్లెం సగం చుట్టు తిప్పి అద్దుత సార్. తప్పు గుడ్డదైతే ఖాళీ బోడి కాడనే ఉంటది. ఈస్ట్‌దైతే దానెంబడి తిరుగుతది."

నిజం చెప్పొద్దూ, తప్పు ఎవరిదో నాకూ తెలియదు. ఆ పిల్ల ఇన్నేళ్ల కష్టం నా బోడి మచ్చ వల్ల మట్టిపాలు అవుతుందేమోనని భయపడ్డాను. ఆమె మళ్లీ అద్దింది. పళ్లెం వెచ్చటి పెట్టెలోకి వెళ్లింది.

రెండు రోజులకు బయటికి తీశారు. నా బోడి మచ్చకు తగిలిన చోట బలమైన చుక్క మొలిచింది. ఖాళీ అవతలి అంచుకు వెళ్లిపోయింది.

జయకర్ సారు పళ్లేన్ని కిటికీ వెలుతురులో చాలాసేపు పట్టుకున్నారు. "గుడ్డది తప్పు లేదు. నేనే తొందరపడ్డ," అన్నారు. వకుళ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే కొత్త మఖమల్ తెప్పించారు. నింద తొలగింది, కొలువూ పోయింది. ఇప్పుడు బల్ల తుడుస్తున్నాను. ఆ ఈస్ట్‌లో ఏ ప్రోటీన్ చెడిందో వకుళ వెతుకుతోంది. నా సందేహం వేరు: జోడు రాదని తెలిశాక కూడా ఆ కణం ముక్కు సాచుకునే ఉందా? రెండుసార్లు మోశాను గానీ, అడగలేకపోయాను.