మూడు వందల అరవై అయిదో రోజు

శాంతిరాజ్ స్టూలెక్కి, నాలుగు అంకె ఉన్న రేకును కొక్కెం నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. దాని చోట అయిదు తగిలించాడు. మూడు, ఆరు, అయిదు. పైన నీలం అక్షరాల్లో 'ప్రమాదం లేని రోజులు' అని రాసి ఉంది. స్టూలు దిగి, రెండడుగులు వెనక్కి వేసి, వంకర లేదని చూసుకున్నాడు. వెనుక ఉదయం షిఫ్టు టిప్పర్లు వరసగా క్వారీలోకి దిగుతున్నాయి.

యాభై నాలుగేళ్ల మనిషి. సన్నటి మెడ, చొక్కా కాలరు ఎప్పుడూ వేలెడు వదులుగానే ఉంటుంది. కనుబొమల్లో చేరిన బొగ్గుపొడి ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కూడా పూర్తిగా పోదు. తండ్రి గోదావరిఖనిలో భూగర్భ గనికి దిగేవాడు. ఆ ఉద్యోగం కొడుక్కి అందలేదు. బొగ్గు మీది మట్టి తీసే ప్రైవేటు కంపెనీలో పదకొండేళ్లుగా టైంకీపర్. హాజరు చూస్తాడు, ట్రిప్పులు రాస్తాడు, పొద్దున ఆరింటికి అంకె మారుస్తాడు. ఏడాదిపాటు ఒక్క ప్రమాదమూ లేని సైటుకు అవార్డు ఇస్తామని హెడ్డాఫీసు ప్రకటించిన నాటి నుంచి సైటు మేనేజర్ రఘుపతికి ఆ బోర్డు తప్ప మరోటి కనబడలేదు.

నాలుగు రోజుల క్రితం, బోర్డు మీద మూడు వందల అరవై ఒకటి ఉన్న రోజున, టిప్పర్ వెనుక డోరు ఊడి హెల్పర్ గట్టయ్య కుడిచేతి మీద పడింది. డ్రైవర్ క్యాబిన్‌లో ఉన్నాడు. చూసింది శాంతిరాజ్ ఒక్కడే. రఘుపతి పరుగెత్తుకొచ్చాడు.

"అంబులెన్సు పిలవకు కాకా. నీ బండి మీద కరీంనగర్ తీస్కపో. బైకు మీదికెల్లి పడ్డడని చెప్పు."

శాంతిరాజ్ తీసుకెళ్లాడు. డాక్టర్ అడిగితే, గట్టయ్య నోరు తెరవకముందే బైకు మాట తనే చెప్పాడు. రెండు వేళ్లు తీసేశారు. మర్నాడు ఆరింటికి స్టూలెక్కి రెండు అంకె తగిలించాడు. చెయ్యి వణకలేదు. కనీసం వణికినా బాగుండేదని అప్పటి నుంచి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అనిపిస్తోంది.

తొమ్మిదింటికి గట్టయ్య గేటు దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగింది. చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

"ఏందే, గప్పుడే వస్తివి? ఇంటికాడ పండుకోక."

"పండుకుంటే కాయితం ఎవలిస్తరు శాంతన్నా? డ్యూటీల దెబ్బ తగిలిందని రాస్తేనే ఇన్సూరెన్సోళ్లు మాట్లాడుతరంట. చూసినోని సంతకం కావాలంట. నువ్వే చూసినవ్ గద."

శాంతిరాజ్ చూపు ఆ కట్టు మీద నుంచి గట్టయ్య చెప్పుల మీదికి జారింది.

"సారునడుగుత. నువ్వు ఫికర్ చెయ్యకు."

"బోర్డుకు అంకె ఎక్కియ్యాల్నంటే గూడ సారునే అడుగుతవా?" గట్టయ్య నవ్వాడు. ఎగతాళికే అన్నాడు. శాంతిరాజ్ ఆఫీసుకు వెళ్లి కాగితం సంగతి అడిగాడు.

రఘుపతి కేకు డబ్బా విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "ఇయ్యాలనా కాకా? పదకొండింటికి ఎండీ గారు వస్తుంటే? నువ్వు సంతకం పెడితే బోర్డు మళ్ల ఒకటి నుంచి షురువైతది. వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యూవల్ ఉన్నది, యాది పెట్టుకో."

ఎండీ జగదీశ్వర్ పదకొండింటికే వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. షామియానా కింద మైకు పట్టుకుని చెప్పాడు: "నాయకత్వమంటే కుర్చీ కాదు. తప్పు కనబడితే భయపడకుండా చెప్పే ప్రతివాడూ నాయకుడే." తర్వాత శాంతిరాజ్‌ను ముందుకు పిలిచి, భుజం మీద చెయ్యేశాడు.

"రోజూ అంకె మార్చేది మీరేనట. చెప్పండి, ఈ ఏడాదిలో మీకు కష్టమనిపించిన రోజు ఒక్కటైనా ఉందా?"

ఆయన నిజంగానే అడిగాడు. జవాబు కోసం ఆగాడు కూడా. ముందు వరసలో రఘుపతి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. చివరి వరసలో గట్టయ్య మెడ చాచి, బస్సు కోసం చూసేవాడిలా ఎదురుచూస్తున్నాడు. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు ఎన్నడూ తడబడని గొంతు శాంతిరాజ్‌ది. ఇప్పుడూ తడబడలేదు.

"లేదు సార్. అన్ని రోజులు మంచిగనే గడిచినయ్."

చప్పట్లు మోగాయి. గట్టయ్యా కొట్టబోయాడు. గుడ్డలో ఉన్న చెయ్యి గుర్తొచ్చి, ఎడమ అరచేత్తో తొడ మీద కొట్టాడు. రెండుసార్లు. మూడోసారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

కేకు ముక్క పేపరు ప్లేటులో పెట్టుకుని శాంతిరాజ్ చివరి వరస దాకా వెళ్లాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ప్లేటుతోనే గేటుకు నడిచాడు. అక్కడ స్వీపర్ ఐలవ్వ ఊడుస్తోంది.

"గట్టయ్యనా? పోయిండు బిడ్డా. మంథని బస్సెక్కిండు. ఊర్లె మేకలు కాసుకుంటడట, ఇగ రాడట."

"నన్నేమన్నా అన్నడా అవ్వా?"

"నిన్నేమంటడు? శాంతన్న జల్ది తోలుకపోకుంటే చెయ్యే పోతుండె అన్నడు." చీపురుతో వాచ్‌మన్ కుర్చీ వైపు చూపించింది. "గదిగో, నీకియ్యమన్నడు."

ఆ రోజు కరీంనగర్ చేరేదాకా గట్టయ్య చేతికి శాంతిరాజ్ చుట్టిన తన తువాలు. ఉతికి, నాలుగు మడతలు వేసి, గాలికి ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెట్టి ఉంది.