ఐదున్నర శ్రుతి

నేను ఒక టేపు రికార్డరును. వయసు పాతిక దాటింది. హ్యాండిలు విరిగింది, ఒక స్పీకరు మూగబోయింది, చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. మనుషులు తమ గొంతు మొదటిసారి నాలో విని "ఇది నా గొంతు కాదు" అంటారు. పక్కవాడి గొంతు మాత్రం అచ్చం వాడిదే అని ఒప్పుకుంటారు. ఈ విడ్డూరం ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. మస్కట్‌లో ఏసోబు అనే తాపీమేస్త్రి నన్ను కొన్నాడు. ఆయనకు ఉత్తరం రాయడం రాదు. ప్రతి శుక్రవారం నా ముందు కూర్చుని భార్యకు క్యాసెట్టు నింపేవాడు. "నాకేమే, దొరలాగున్నా. చల్లటి గదిలో పడుకుంటన్నా" అనేవాడు. ఆ గదిలో పన్నెండు మంది ఉండేవారు, ఫ్యాను ఒక్కటే. మాటలయ్యాక మీట నొక్కి నన్ను ఆపేసి, అప్పుడు ఏడ్చేవాడు. మనుషులు నన్ను ఆపాకే నిజం చెబుతారని నాకక్కడే తెలిసింది. తెలిసి ఏం లాభం, చెప్పుకోవడానికి నాకెవరున్నారు?

ఊరికి తిరిగొచ్చాక ఏసోబు నన్ను తెనాలిలో ఒక రేడియో షాపుకిచ్చేశాడు. అక్కడి నుంచి అప్పికట్ల కోటిలింగం చేతికి వచ్చాను. ఆయన పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టే నటుడు. యాభై నాలుగేళ్లు, భార్య పోయింది, మేడ మీద ఒంటి గది. గోడల నిండా కిరీటాలు పెట్టుకున్న తన ఫొటోలే. మాట్లాడటానికి మనిషి లేక వాటితోనే మాట్లాడేవాడు.

"మనది ఐదున్నర శ్రుతి" అనేది ఆయన ఊతపదం. టీ కొట్లో అనేవాడు, బస్సులో అనేవాడు, చివరికి పరామర్శకు వెళ్లినా అనేవాడు. అంత పై శ్రుతిలో పద్యం అందుకుని, ఆఖర్న ఊపిరి బిగబట్టి రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని కేకలు వేస్తారట. అప్పుడే ప్రాణం వదిలిన రాజైనా సరే, లేచి నిలబడి ఆ పద్యం మళ్లీ పాడి మళ్లీ చావాలి. ఆ నాటకాల రివాజు అది.

ఇరవై రెండేళ్లు ఆయనకు హార్మోనియం వాయించింది షేక్ సైదా. నేను ఆయన చేతికి రావడానికి ఏడాది ముందు పెదలంక తిరునాళ్లలో ఇద్దరికీ చెడింది. ఆ రోజు రాగం మధ్యలో హార్మోనియం ఒక్కసారిగా పైకి లేచి తన గొంతును మింగేసిందని కోటిలింగానికి కోపం వచ్చింది. కిరీటంతోనే వెనక్కి తిరిగి, వెయ్యి మంది ముందు, "పెట్టె నొక్కేవోడివి, పెట్టె నొక్కు! నా గొంతు మీదెక్కి కూచుంటావేందిరా?" అని అరిచాడు. సైదా పెట్టె మూసి, జనం మధ్య నుంచే నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

తర్వాత కొత్త హార్మోనిస్టు వచ్చాడు. అతనొచ్చాక వన్స్ మోర్లు ఆగిపోయాయి. తప్పు అతనిదేనని కోటిలింగం తీర్మానించేశాడు. ఆ తప్పు టేపులో పట్టి నలుగురికీ వినిపించాలనే నన్ను కొన్నాడు. అంటే నేను ఆ ఇంటికి సాక్షిగా వచ్చానన్నమాట.

రిహార్సలు రికార్డు చేశాను. మధ్యాహ్నం గదిలో ఒంటరిగా విన్నాడు. హార్మోనియం నిక్కచ్చిగా ఐదున్నరలో ఉంది. గొంతే రాగం ఎక్కేచోట జారి కింద పడుతోంది. "బ్యాటరీలు దిగిపోయినట్టున్నయ్" అన్నాడు. కొత్తవి వేశాడు. మళ్లీ జారింది. ఇంకో రకం వేశాడు. చివరికి నన్ను చంకన పెట్టుకుని షాపుకు తీసుకెళ్లాడు. మెకానిక్కు రెండుసార్లు విని, బెరుగ్గా, "లింగంగారూ, బ్యాటరీ దిగితే హార్మోనియం పెట్టె కూడా దిగాల గదండీ. అది ఉన్నకాడే ఉంది" అన్నాడు.

గదికి వచ్చి, ఎవరో అభిమాని ఇచ్చిన పాత క్యాసెట్టు వెతికి పెట్టాడు. సైదా వాయించిన నాటకం, మూడేళ్ల కిందటిది. అబ్బ, ఏం పద్యం! జనం కేకలు నా స్పీకర్లను అదరగొట్టాయి. కోటిలింగం తన శ్రుతిపెట్టె ముందుకు లాక్కున్నాడు. ఐదున్నర నొక్కాడు. కలవలేదు. ఐదు నొక్కాడు, నాలుగున్నర నొక్కాడు. నాలుగు దగ్గర కలిసింది.

అప్పటికి గానీ ఆయనకు సంగతి బోధపడలేదు. సైదా ఏడాదికింత చొప్పున, ఒక్క మాట కూడా చెప్పకుండా, ఆయన్ని మెట్టు మెట్టుగా కిందికి దించుకొచ్చాడు. అయినా గొంతు చీలే చోట హార్మోనియాన్ని పైకి లేపి కప్పేవాడు. కొత్తవాడు అమాయకుడు, ఐదున్నర అడిగితే ఐదున్నరే ఇచ్చాడు.

కోటిలింగం కొత్త క్యాసెట్టు పెట్టి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కాడు. "తమ్ముడూ సైదా! విధి వక్రించి మనమిద్దరం విడిపోయాం" అని మొదలుపెట్టాడు. అది రాజు గొంతు. విని, తనకే సిగ్గేసి, చెరిపేశాడు. "ఏదో కోపంలో అన్నాను, నీ తొందరపాటు కూడా ఉంది" అని రెండోసారి నింపాడు. అదీ చెరిపాడు. నాలుగు రోజులు చెరుపుతూనే ఉన్నాడు. ఐదో రోజు గొంతు సవరించుకోకుండా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సైదా, ఆ రోజు నా గొంతు చీలిందని నాకు తెలుసురా. తెలీక అరవలా. తెలిసే అరిచా. జనానికి తెలిసిపోద్దేమోనని నీ మీదకి నెట్టా. ఇన్నాళ్లూ నాకు నేనే వేరేగా చెప్పుకుంటన్నా."

ఆ మాటతో నా మీద నాకు గౌరవం పుట్టింది. ఒక మనిషి నన్ను ఆపకుండా నిజం చెప్పడం అదే మొదలు.

ఆ క్యాసెట్టుతో నన్ను నరసరావుపేటలో సైదా ఇంటికి తీసుకెళ్లాడు. సైదా అరుగు మీద కూర్చుని మొత్తం విన్నాడు.

"ముందే చెప్పొచ్చుగదరా?" అన్నాడు కోటిలింగం.

"చెబితే పాడేవోడివా అన్నా?"

సైదా నా మీట నొక్కి ఆపి, "బాగా చెప్పావ్. నన్నన్నప్పుడు వెయ్యి మంది ఉన్నారు. ఇది చెప్పేటప్పుడు ఎవురున్నారు నీ దగ్గర?" అని అడిగాడు.

నేనున్నానని చెప్పాలనిపించింది. నన్ను మనిషిగా ఎవరు లెక్కేస్తారు?

ఆ ఏడు పెదలంక తిరునాళ్లకు కోటిలింగం నన్ను స్టేజీ పక్కన పెట్టి ఎర్ర మీట నొక్కి వెళ్లాడు. పద్యానికి ముందు ఆగి, అదే మాట, ఇంచుమించు అవే ముక్కల్లో జనానికి చెప్పాడు. జనం అదీ నాటకంలో ముక్కే అనుకున్నారు. ఈలలు, చప్పట్లు, "వన్స్ మోర్!" అప్పుడాయన కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇది నాటకం కాదు బాబూ. సైదాని నేనన్నది అబద్ధం. మీరంతా చూశారు గనక మీకే చెబుతున్నా" అన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. తర్వాత నాలుగు శ్రుతి అడిగి పాడాడు. మళ్లీ పాడమని ఎవరూ అనలేదు.

మర్నాడు నరసరావుపేట వచ్చి నన్ను, ఆ టేపును సైదా కోడలి చేతికిచ్చి, సైదా నమాజు నుంచి వచ్చేలోగానే బస్సెక్కేశాడు. సైదా మధ్యాహ్నం ఒక్కడే విన్నాడు. కోటిలింగం మాటలు కదలకుండా విన్నాడు. పద్యం ఆఖర్న, పైన ఒకచోట గొంతు చీలింది. కొత్తవాడు అందుకోలేదు, ఆ చోటు బోసిగా మిగిలింది. మంచం పట్టె మీద సైదా వేళ్లు వాటంతటవే లేచి ఆ చోటును వాయించాయి.

"రేపెళ్లి అన్నని చూసొస్తా" అన్నాడు కోడలితో. ఆ రేపు రెండేళ్లు సాగింది. మూడో ఏడు వానాకాలంలో కోటిలింగం పోయాడని కబురొచ్చింది. ఆ పూట సైదా నా ముందు కూర్చుని, ఎర్ర మీట నొక్కకుండానే, "నాది కూడా పొగరే. ఆడు వెయ్యి మందిలో చెప్పాడు. నేను బస్సెక్కలేకపోయా" అన్నాడు.

ఆయనకిప్పుడు చూపు తగ్గింది. అయినా రోజూ మధ్యాహ్నం నన్ను అల్మరాలోంచి దించి ఆ పద్యం పెడతాడు. గొంతు చీలే చోటు రాకముందే వేళ్లు మంచం పట్టె మీద ఆనించి, దానికోసం కాచుకుని కూర్చుంటాడు.