మూతల కింద

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది వీళ్ళు: పుట్టినరోజు జరుపుకుంటున్న మామగారు, ఆయన పక్కన అత్తగారు, మొగుణ్ణి వెంటబెట్టుకుని పట్నం నుంచి దిగిన ఆడపడుచు మల్‌సూన్, యొన్‌హీ భర్త కిహ్వాన్, వాళ్ళ పది నెలల కొడుకు సొక్‌జూ. వంటింట్లో పొయ్యి ముందు కోడలు యొన్‌హీ కూడా ఉంది గానీ, ఆ ఇంట్లో ఎవరు లెక్కవేసినా ఆమెను చివర్న వేస్తారు, అదీ గుర్తొస్తే.

నిన్న ఆమె పుట్టినరోజు. పుట్టినరోజు పొద్దున సముద్రపు నాచుతో కాచే చారు తాగలేదంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. యొన్‌హీకి మాత్రం పెళ్ళయ్యాక ఒక్కసారీ అది దక్కలేదు. “పెద్దాయన కంటే ముందు కోడలికి కాస్తే ఆయన ఆయుష్షు తగ్గదూ? రేపు కాస్తాంగా, అందులోంచే రెండు గరిటెలు నువ్వూ పోసుకో” అంటుంది అత్తగారు ఏటా. ఆ రేపు వచ్చేసరికి గిన్నె అడుగున నాలుగు నాచు పీలికలు మిగులుతాయి. అందరూ తిని లేచాక వంటింటి నేల మీద చతికిలబడి, చల్లారిన అన్నం, సొక్‌జూ వదిలేసిన గంజి తినడమే ఆమె టిఫిను. వాడు పుట్టినప్పటి నుంచీ వేడి మెతుకు నోట్లో పెట్టుకున్న గుర్తే లేదు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మాట సొక్‌జూ పొద్దుటి తిండి మీదికి మళ్ళింది. యొన్‌హీ రోజూ బియ్యం నానబెట్టి, నూరి, జారుగా ఉడికిస్తుంది. ఒకరోజు గుమ్మడికాయ, ఒకరోజు ముల్లు తీసిన చేప, ఇంకోరోజు గుడ్డులోని పచ్చసొన మెదిపి కలుపుతుంది. ఉప్పు వెయ్యదు.

“చప్పిడి కూడు పెట్టి నా మనవణ్ణి పుల్లలా చేశావు కదే! నేను నా పిల్లలకి అన్నం నమిలి నోట్లో పెట్టాను. ఏం, చచ్చారా?” అంది అత్తగారు.

“చిలగడదుంప పెట్టు మరదలా. మా వాడు గుటుక్కున మింగేవాడు,” అంది మల్‌సూన్.

“టోఫూ అయితే నలపడం కూడా తేలికే,” అన్నాడు ఆమె మొగుడు పళ్ళు కుట్టుకుంటూ.

“మగపిల్లాడికి మాంసం పడాలి,” అన్నారు మామగారు.

కిహ్వాన్ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. “గుప్పెడు గంజికి ఇంత రాద్ధాంతమా? రోజంతా ఇంట్లోనే ఉంటావు, ఆ ఒక్క పనీ చేతకాదా?”

అందరూ నవ్వారు. సొక్‌జూ అదే సమయానికి ఆమె చేతి మీద కక్కాడు. సలహా ఇచ్చినవాళ్ళలో ఒక్కరూ గుడ్డ అందించలేదు. చెయ్యి తుడుచుకుంటూ యొన్‌హీ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎప్పుడూ వచ్చే ఏడుపు ఈసారి రాలేదు. దాని బదులు ఒక ఆలోచన వచ్చి, హాయిగా కూర్చుంది.

తెల్లవారుతూనే లేచి, మామగారి కోసం తెచ్చిన మాంసమంతా కొట్టింది. సగం నువ్వులనూనెలో వేయించి నాచు చారు కాచింది. మరుగుతున్న గిన్నెను పెరట్లోకి మోసుకెళ్ళి, సోయా సాస్ ఊరే జాడీల మధ్య రాతి మీద పెట్టి, పక్కనే ఒక్క బౌలు, ఒక్క చెంచా ఉంచింది. తర్వాత పెద్ద గిన్నె నిండా సొక్‌జూ గంజి చేసింది. అందులో చిలగడదుంప మెదిపింది, టోఫూ నలిపింది, మిగిలిన మాంసం వేసింది. అందరి మాటా మన్నించింది. ఉప్పు మాత్రం వెయ్యలేదు.

బల్ల మీద మూతలు పెట్టిన ఇత్తడి గిన్నెలు వరసగా మెరుస్తున్నాయి. పెద్దాయన చెంచా ఎత్తేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అందరూ ఆయన్నే చూస్తున్నారు. మామగారు గొంతు సవరించుకుని మూత తీశారు.

“ఇదేంటమ్మా?”

“సొక్‌జూ టిఫిను, మామయ్యా. రాత్రి మీరంతా చెప్పినట్టే చేశాను.”

గబగబా మిగతా మూతలూ లేచాయి. అన్నిట్లోనూ అదే పసుపుపచ్చ ముద్ద.

“పుట్టినరోజు పూట ఇది ఎవరు మింగుతారే!” అత్తగారి గొంతు కీచుమంది.

“మింగలేకపోతే మీరు నమిలి పెట్టి పెంచిన వదినే నమిలి పెడుతుంది లెండి, అత్తయ్యా.”

మల్‌సూన్ చేతిలోంచి మూత జారింది. యొన్‌హీ వీపుకి కట్టుకున్న సొక్‌జూను విప్పి కిహ్వాన్ ఒళ్ళో కూర్చోబెట్టింది. వాడి చిన్న గిన్నె, మెత్తటి చెంచా పక్కన పెట్టింది. “గుప్పెడే కదా. మీరు పెట్టండి.”

“నీకు మతి పోయిందా?” అన్నాడతను. పిల్లవాడు అప్పటికే గంజిలో రెండు చేతులూ ముంచి అతని కొత్త చొక్కా పట్టుకున్నాడు.

అత్తగారు లేచి, కోడలి భుజం పట్టి అరుగు మీదికి నెట్టింది. “బయటే చావు! మేం పిలిచేదాకా గడప తొక్కావంటే చూడు!”

యొన్‌హీ తల వంచుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. పెరట్లోంచి నువ్వులనూనె వాసన వస్తోంది. చారు ఇంకా పొగలు కక్కుతూనే ఉంటుంది. ఆమె వెనకాల తలుపు ధడాలున మూసుకుని లోపల గడియ పడింది. అది ఒక్కటే ఆమె తన చేత్తో చెయ్యలేని పని. దాన్ని అత్తగారు చేసిపెట్టింది.